కనకవ్వ పిలిచిన పేరు

మా సిరిసిల్లలో నా జిరాక్స్ షాపుకు వచ్చే ఈడు మళ్లిన ఆడవాళ్లలో సగం మంది భర్త పేరు నోటితో చెప్పరు. దరఖాస్తు నింపుతూ నేను "భర్త పేరు?" అంటాను. ఎదురుగా ఉన్నామె నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కామెను మోచేత్తో పొడుస్తుంది. పక్కామె చెబుతుంది. పక్కన ఎవరూ లేకపోతే ఆధార్ కార్డు నా ముందుకు జరుగుతుంది. కొత్తలో నాకు ఒళ్లు మండేది. "పేరు చెప్తె మొగడు అరిగిపోతడా?" అని ఒకామెను అడిగి, ఆమె కళ్లనీళ్లు పెట్టుకునేసరికి నాలుక కరుచుకున్నాను. అప్పటి నుంచి నోరు మూసుకుని కార్డు చూసి రాసుకుంటున్నాను.

కనకవ్వది ఇంకో తీరు. నవ్వడాలు, కొంగు అడ్డం పెట్టుకోవడాలు ఆమెకు లేవు. కార్డు బల్ల మీద పెట్టి, పేరు కింద వేలు ఆనించి, నేను రాయడం పూర్తయ్యేదాకా ఆ వేలు తీయదు. నిరుడు పాస్‌పోర్టు దరఖాస్తుకు వచ్చినప్పుడు కూడా అంతే చేసింది. భర్త పేరు దగ్గర లస్మయ్య అని కొట్టాను.

"ఇంకోసారి చూడు సురేందర్, మీ అన్న పేరు సక్కగ పడ్డదా?" అంది.

"పడ్డది వదినా."

అప్పుడు గాని వేలు తీయలేదు. నా షాపున్న మా గల్లీలోనే నాలుగిళ్ల అవతల ఉంటుంది ఆమె. వరుసకు వదిన. వయసు యాభై ఎనిమిది. వేములవాడ, కొండగట్టు, ఒకసారి హైదరాబాద్ ఆస్పత్రి, ఇవి తప్ప మరో ఊరు ఎరగదు. అలాంటి మనిషి ఆస్ట్రేలియాకు బయలుదేరింది.

కారణం మామూలుదే. ఆమె చెల్లెలి బిడ్డ తేజస్విని, అల్లుడు శ్రీహరి సిడ్నీలో ఉంటారు. తేజస్వినికి కాన్పు దగ్గర పడింది. కన్నతల్లి పోవాలి గానీ ఆమెకు మోకాళ్ల నొప్పులు, పైగా విమానమంటే భయం. "అక్క ఖాళీగనే ఉన్నది గదా" అని ఇంట్లో తీర్మానించారు. పిల్లలు లేరు, భర్త పోయాడు, కాబట్టి ఖాళీ. కనకవ్వ గడప దాటిందంతా ఈ ఒక్క మాట మీదే. ఎవరింట్లో కాన్పయినా, ఎవరు మంచాన పడినా, ఏ చావింట పదకొండు రోజులు వండిపెట్టాల్సి వచ్చినా, కనకవ్వ ఖాళీగా ఉందని అందరికీ టక్కున గుర్తుకొస్తుంది. ఖాళీగా ఉన్న మనిషి ఇంటికి మాత్రం ఎవరూ పోయేవాళ్లు కాదు. ఇతరులను అనడమెందుకు, నేనూ పోలేదు.

లస్మయ్య గురించి చెప్పాలి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో అతనికి నాలుగు సాంచాలు ఉండేవి. ముందు గదిలో కనకవ్వ నూలు కండెలు చుట్టేది. నాలుగు సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకే షెడ్డుల్లో పనిచేసేవాళ్లంతా చేతులతో మాట్లాడుకుంటారు. ఐదు వేళ్లు నోటి దగ్గరికి తీసుకుపోతే తిండికి రమ్మని. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి వంచితే చాయ్. అరచేయి ఎత్తి నిలబెడితే ఆగమని. ముప్పయ్యేడేళ్ల కాపురంలో ఆ మొగుడూ పెళ్లాలు మాట్లాడుకున్నది ఎక్కువగా ఈ చేతుల మాటలే. కరెంటు పోయి సాంచాలు ఆగితే ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచేది కాదని ఆమే నవ్వుతూ చెప్పింది.

నోటితో పని పడేది కరెంటు పోయినప్పుడే. గల్లీ మొత్తం ఒక్క దెబ్బకు నిశ్శబ్దం అవుతుంది. మగవాళ్లు షెడ్డుల్లోంచి బయటపడి చాయ్ హోటల్ దారి పడతారు. ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి "ఇగో... నిన్నే" అని కేకేస్తారు. పాత కాపురాలన్నిటికీ పిలుపు అదొక్కటే. సాంచాల మోతలో పెరిగిన గొంతులు కాబట్టి అన్నీ ఒకే తీరుగా, పెద్దగా ఉంటాయి. నలుగురు మగవాళ్లు తిరిగి చూస్తారు. తన భార్య కాదనుకున్న ముగ్గురు ముందుకు పోతారు. ఇందులో ఇబ్బంది ఉందని మాకెవరికీ ఎప్పుడూ అనిపించలేదు.

ఆరేళ్ల కింద ఎండాకాలంలో ఒకరోజు, పదకొండు గంటల వేళ కరెంటు పోయింది. అప్పటికే లస్మయ్యకు గుండె జబ్బు. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే గోళీలు ఎప్పుడూ అంగీ జేబులో ఉండేవి. ఆ రోజు చెమటకు తడిసిన అంగీ విప్పి దండెం మీద వేసి, ఆకుపచ్చ చుక్కల అంగీ తొడుక్కుని బయటికి నడిచాడు. గోళీలు పాత జేబులోనే ఉండిపోయాయి. కనకవ్వ చూసింది. వాటిని పట్టుకుని గుమ్మంలోకి ఉరికింది. లస్మయ్య ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. "ఇగో... నిన్నే" అని పిలిచింది. అతని వెనకే పోతున్న ఇద్దరు తిరిగి చూశారు. ఒకడు ఎదురింటి సాయిలు. ఇంకొకణ్ణి నేను. మా ఇంటామె కాదని చూసుకుని మా దారిన మేం పోయాం. లస్మయ్య తిరగలేదు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకుని ఉంటాడు. ఆమె మళ్లీ పిలిచింది. అతను మలుపు దాటాడు. కరెంటు వస్తే మనిషీ వస్తాడులే అనుకుని ఆమె లోపలికి పోయింది. కరెంటు వచ్చింది. చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్న లస్మయ్య లేవలేదు.

పేరు పెట్టి పిలిచి ఉంటే తిరిగేవాడు. ఈ మాట ఆమె లోపల పడి ఆరేళ్లు అక్కడే ఉంది. ఎవరితోనూ అనలేదు. మనిషి పోయాక పేరు పలికితే ఎవరూ తప్పు పట్టరు. కానీ అవసరమైన రోజు రాని పేరు ఇప్పుడెందుకని ఆమెకు నోరు రాలేదు. ఒక్కసారి మాత్రం గొంతు నిండా పిలవాలని ఉండేది. మా గల్లీలో అది కుదిరే పని కాదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. సాంచాలు ఆడేటప్పుడు పిలిస్తే తనకే వినపడదు. ఆగినప్పుడు పిలిస్తే ఊరంతా వింటుంది.

ఆమె సిడ్నీ నుంచి తిరిగొచ్చిన పది రోజులకు, ఒక మధ్యాహ్నం పింఛను కాగితాల కోసం నా షాపుకు వచ్చింది. గిరాకీ లేదు. కూర్చోమన్నాను. కొంగుముడి విప్పి ఒక ఎండిన ఆకు బల్ల మీద పెట్టింది. వాసన చూస్తే జామాయిల్.

"గింత దూరం పోయి జామాయిల్ ఆకు తెచ్చినవా వదినా? మన వీర్నపల్లి తొవ్వల లెవ్వా?" అన్నాను.

"ఉన్నయ్. గని గిది గక్కడిది" అని, ఆ రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. సగం నోటితో, సగం చేతులతో చెప్పింది. చేతులతో చెప్పినవి నేను మాటల్లో పెడుతున్నాను.

సిడ్నీలో మూడు నెలలు ఆమె ఇల్లు దాటింది తక్కువ. పాపకు నలుగు, స్నానం, బాలింతకు పథ్యం, మధ్యలో పాప బట్టలు. తిరుగు ప్రయాణానికి వారం ఉందనగా తేజస్వినికి మనసు చివుక్కుమంది.

"పెద్దమ్మా, అచ్చినకాంచి ఇంట్లనే ఉన్నవ్. ఏమన్న చూడాల్నని ఉన్నదా?"

"మనుషులు లేని జాగ ఏదన్న ఉంటె చూపియ్" అంది కనకవ్వ.

తేజస్విని నవ్వి, శనివారం బ్లూ మౌంటెన్స్ అనే కొండలకు పోదామంది. శుక్రవారం పాపకు టీకా వేశారు. తెల్లారేసరికి జ్వరం. "అచ్చేవారం పోదాం పెద్దమ్మా" అంది తేజస్విని. వచ్చే శనివారానికి తను సిరిసిల్లలో ఉంటుందని కనకవ్వ గుర్తుచేసింది. "నేనొక్కదాన్నే పోయొస్త. తొవ్వ చెప్పుండ్రి" అంది. భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు. ఇంగ్లిషు ముక్క రాదు, చీర మీద స్వెటర్, కాళ్లకు తేజస్విని పాత బూట్లు. కానీ మూడు నెలల్లో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. శ్రీహరి కాగితం మీద తెలుగులో రాసిచ్చాడు. ప్యారమట్టాలో ఎక్కాలి, కటూంబాలో దిగాలి, తిరుగు రైలు మూడున్నరకు. ఫోన్‌లో ఆమె ఎక్కడుందో తనకు కనపడేట్టు ఏదో చేశాడు. స్టేషన్ దాకా వచ్చి రైలెక్కించాడు.

"భయమేస్తె ఫోన్ చెయ్యి అత్తమ్మా."

"భయమేస్తె ఫోన్ యాది రాదు కొడుకా" అందట.

రైలుకు రెండు అంతస్తులు. పైన కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీ. కాసేపటికి ఆమెకు ఒక సంగతి తట్టింది. ఈ ప్రయాణం ఎవరి కాన్పుకూ కాదు, ఎవరి చావుకూ కాదు. దిగిన చోట ఆమె కోసం పని ఎదురుచూడటం లేదు. ఆ సంగతికి సంతోషించాలో బెంగపడాలో తెలియలేదట. ఒళ్లో రెండు చేతులు ఊరికే పెట్టుకుని కూర్చుంది. ఊరికే ఉన్న చేతులు ఆమెకు వేరే ఎవరివో అనిపించాయి. ఇళ్లు పల్చబడి రైలు పైకి ఎక్కుతున్నకొద్దీ రెండు వైపులా జామాయిల్ అడవి మొదలైంది.

కటూంబాలో దిగేసరికి చలి. మే నెల అక్కడ చలికాలం ముందు రోజులు. స్టేషన్ నుంచి బజారు కిందికి వాలుగా పోతుంది. ఆమె మెల్లగా నడిచింది. అద్దాల కొట్ల ముందు ఆగి చూసింది. ఒక చోట ఊలు బంతులు కనపడితే లోపలికి పోయి, వేళ్ల మధ్య పోగు నలిపి చూసి, కొట్టతనికి తల ఊపి బయటికొచ్చింది. బాగుందని చెప్పినట్టు. అతనూ తల ఊపాడు. ఎవరూ తొందర పెట్టలేదు. తొందర పెట్టేవాళ్లు లేకపోతే నడక ఇంత నిదానమవుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

కొండ అంచున అందరూ చూసే చోట జనం ఉన్నారు, బస్సులు ఉన్నాయి. లోయలో మూడు పెద్ద బండలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. వాటిని ముగ్గురు అక్కచెల్లెళ్లంటారని తేజస్విని చెప్పి పంపింది. "ఎవల కాన్పుకు పిలుస్తరో అని నిలబడ్డట్టున్నరు" అనుకుందట కనకవ్వ. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"లోయ గురించి చెప్పు వదినా."

"ఏం చెప్పాలె. మన గుట్టలు కింద నిలబడి మీదికి చూస్తం. గది మీద నిలబడి కిందికి చూసేది. కండ్లకు అందినంత అడవే. మీద నీలం రంగు పొగ. జామాయిల్ నూనె గాలిల కలిసి గట్ల కనపడుతదట. నీలం రంగు అద్దకంల ముంచి తీసినట్టే ఉన్నది."

అక్కణ్ణుంచి అంచు వెంట ఒక కాలిబాట పోతుంది. జనాన్ని వదిలి ఆ బాట పట్టింది. అరగంట నడిచాక చెట్ల మధ్య ఒక బెంచీ కనపడింది. తేజస్వినికి చెప్పకుండా పొద్దున్నే లేచి కాల్చుకున్న సర్వప్ప డబ్బా తీసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి కాల్చే మా రొట్టె అది. ఒక తెల్ల చిలుక వచ్చి కంచె మీద వాలింది. కోడంత ఉంది, నెత్తి మీద పసుపు తురాయి. కనకవ్వ ఐదు వేళ్లు నోటి దగ్గరికి తీసుకుపోయి, తింటావా అని అడిగింది. ఒక ముక్క వేస్తే కాలితో పట్టుకుని మనిషిలా తిన్నది. ఇంకా ఇవ్వలేదని అరిచి పోయింది. ఆ తర్వాత గంటసేపు ఆమె ఏమీ చేయలేదు. ఎండ మోకాళ్ల మీద పడింది. ఒక కునుకు తీసింది.

"లేచి చూసినంక ఎట్లనో అయింది సురేందర్" అంది. "ఏడుపు రాలె. గని గది ఇద్దరు కూసునే బెంచి. నేను ఓ పక్కకే కూసున్న. మొత్తం బెంచి నాదే అయితె నడుమ కూసోవాలె గద? ఓ పక్కకే ఎందుకు కూసున్ననో నాకే తెల్వదు."

లేచిన మగతలో ఆమె ఫ్లాస్కు మూత తీసి, పక్కకు తిరిగి, బొటనవేలు పెదవికి వంచిందట. చాయ్ తాగుతావా అని. పక్కన బెంచీ ఖాళీగా ఉంది. ముప్పయ్యేడేళ్లు ఆ సైగకు జవాబుగా తల ఊపిన మనిషి లేడని ఆ కొండ మీద తెలిసినంతగా, ఆరేళ్లలో ఆ ఇంట్లో కూడా తెలియలేదని చెప్పింది. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. ఒంటరితనం అంటే ఇంట్లో ఒక్కతే ఉండటం అనుకున్నాను నేను ఇన్నాళ్లూ.

కొంచెం ముందుకు పోతే బాట పక్కన రాతి మీద ఇనుప కటకటాల చిన్న జాగా ఉంది. లోయ నేరుగా కిందే. ముందూ వెనకా మనుషులు లేరు. ఉన్నా వాళ్లకు తెలుగు రాదు. పిలిస్తే ఇక్కడే పిలవాలి అనుకుంది. కటకటాలు పట్టుకుని గొంతు సవరించుకుంది.

మొదట నోట్లోంచి వచ్చింది "ఇగో... నిన్నే" అనే. అలవాటు పోదు. తన మీద తనకే కోపం వచ్చింది. ఊపిరి పీల్చుకుని పిలిచింది.

"లస్మయ్యా..."

సాంచాల షెడ్డులో పెరిగిన గొంతు అది. చెట్లలోని పిట్టలు లేచిపోయాయి. లోయ ఎంత వెడల్పుగా ఉందంటే ఆ పేరు పోయింది గానీ తిరిగి రాలేదు. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచేసరికి, పలకడం ఇంత తేలికా అనిపించింది. మూడక్షరాల పేరు. దీనికా ఒక ప్రాణం పోయింది.

అప్పుడే వెనక నుంచి అడుగుల చప్పుడు. ఒక ముసలి తెల్లాయన, ఆయన భార్య ఆదరాబాదరాగా వచ్చారు. ఆయన ఏదో అడిగాడు. ఆమెకు అర్థం కాలేదు. ఆయన లోయ వైపు, బాట వైపు చేయి చూపించి, నుదుటి మీద అరచేయి పెట్టి వెతుకుతున్నట్టు సైగ చేశాడు. సైగలు కనకవ్వకు అర్థం కాకపోవడం ఉండదు. ఎవరో తప్పిపోయారని, ఆ మనిషి కోసం కేకలేస్తున్నానని అనుకున్నారు వాళ్లు. కాదని చేయి ఊపేలోపే ఆయన రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని "లాస్మాయా" అని లోయలోకి పిలిచాడు. ఆయన భార్య బాట వెంట అటు పోతూ అదే పేరు పిలిచింది.

ఆపాలి. ఆపలేదు. "ఇంకో మనిషి నోట్ల ఆయన పేరు ఇని ఎన్నేండ్లాయె" అంది నాతో. "ఇంకొక్కసారి పిలువనీ అనుకున్న."

ఇంతలో బాట మలుపులోంచి మనవాళ్ల పిల్ల ఒకతె ఉరికొచ్చింది. ముప్పై దాటి ఉంటుంది, వీపున సంచి.

"అమ్మా, తెలుగా? లస్మయ్యా అని ఇనవడ్డది. గా పేరు మనదిక్కే ఉంటది. నా పేరు కవిత. మాది కోరుట్ల."

కవిత అక్కడ ముసలివాళ్ల ఆశ్రమంలో నర్సు. సెలవు రోజున ఒక్కతే వచ్చింది, కనకవ్వలాగే. ముసలాయనతో రెండు ముక్కలు మాట్లాడి ఇటు తిరిగింది.

"పరేషాన్ గాకు అమ్మా, దొరుకుతడు. ఏం అంగీ తొడుక్కున్నడు?"

"ఆకుపచ్చ చుక్కలది" అంది కనకవ్వ. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. లస్మయ్య గురించి ఆరేళ్లలో ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే నోరు దానంతటదే చెప్పింది.

"ఎంత ఎత్తుంటడు?"

"నాకన్న జానెడు ఎక్కువ."

"పిలిస్తె ఇనవడుతదా?"

"సగమే ఇనవడుతది. సాంచాల కాడ పోయినయ్ చెవులు."

కవిత లోయ వైపు తిరిగి "లస్మయ్య బాపూ" అని పిలిచింది. అటు దూరం నుంచి ముసలామె గొంతు, ఇటు ముసలాయన గొంతు. పేరు తెలియని చెట్ల మీదుగా, ముక్కూ మొహం తెలియని మనుషులు ముగ్గురు లస్మయ్యను పేరు పెట్టి పిలుస్తున్నారు. కనకవ్వ కటకటాలు వదలకుండా నిలబడింది.

"మందులు గిట్ల ఏమన్న వాడుతడా అమ్మా?" నర్సు కదా, అడిగింది.

"గుండెకు గోళీలు. జేబుల లెవ్వు. మర్శిపోయిండు."

కవిత మొహం మారింది. గబగబా ఫోన్ తీసింది, సాయానికి మనుషులను పిలవడానికి. నంబరు నొక్కబోతూ అడిగింది.

"ఎంతసేపాయె అమ్మా, కనపడక?"

కనకవ్వ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఇక అబద్ధం చెప్పడానికి లేదు.

"ఆరేండ్లాయె బిడ్డా."

కవిత ఫోన్ కిందికి దించింది. కనకవ్వను చేయి పట్టి తీసుకుపోయి ఆ ఇద్దరు కూర్చునే బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. దండెం మీది అంగీ, గోళీలు, ఇరవై అడుగుల దూరం, "ఇగో నిన్నే" అన్న పిలుపు, అన్నీ కనకవ్వ మొదటిసారి ఒక మనిషికి చెప్పింది. ముసలివాళ్లిద్దరూ ఎదురుగా నిలబడ్డారు. కవిత వాళ్లకు ఇంగ్లిషులో చెప్పింది. భార్య భర్త పేరు పలకకూడదన్న సంగతి చెప్పడానికే ఎక్కువసేపు పట్టినట్టుంది. ముసలాయన విని, కాసేపు కింద రాళ్లను చూసి, ఏదో అడిగాడు.

"ఇంకోసారి పిలుద్దామా అని అడుగుతుండు అమ్మా" అంది కవిత.

నలుగురూ కటకటాల దగ్గర వరసగా నిలబడ్డారు. ఒక్కసారిగా పిలిచారు. రెండుసార్లు. తర్వాత నలుగురూ నిశ్శబ్దంగా విన్నారు. గాలి తప్ప ఏమీ లేదు.

తిరుగు రైల్లో కవిత ఆమె పక్కన కూర్చుంది. మిగిలిన సర్వప్ప ఇద్దరూ తిన్నారు. కవిత ముందు స్టేషన్‌లోనే దిగిపోయింది. మళ్లీ పక్క సీటు ఖాళీ. ఇంటికి పోయాక "ఎట్లున్నది పెద్దమ్మా?" అని తేజస్విని అడిగింది. "మంచిగున్నది" అని పాప జ్వరం చూసింది కనకవ్వ.

ఇదంతా చెప్పి ఆమె బల్ల మీది ఆకును వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

"నలుగురం పేరు పెట్టి పిలిస్తె తిరుగలె సురేందర్. ఇగ ఆనాడు నేనొక్కదాన్ని పిలిస్తె తిరుగుతుండెనా? గట్ల అనుకుంటె జర నిమ్మళమైంది. గని రాత్రి పండుకుంటె మల్ల అనిపిస్తది, గక్కడ లేని మనిషిని పిలిచినం, ఆనాడు ఉన్న మనిషిని పిలువలె అని."

నేను చెప్పాల్సింది ఒకటి ఉంది. ఆరేళ్లు నేనూ దాచుకున్నాను.

"నేను ఆనాడు తిరిగి చూసిన వదినా."

"ఎర్కే. నువ్వు, సాయిలు."

"నీ అరచెయ్యి మీదికున్నది. ఆగుమని సైగ. నాకు గాదనుకున్న. అన్న నా ముందట్నే ఉండె. భుజం తట్టి చెప్తె అయిపోతుండె. చెప్పలె."

ఆమె ఆకును జరపడం ఆపింది. కోపం వస్తే బాగుండునని నాకనిపించింది. తిడితే పడదామనుకున్నాను. "నువ్వు గూడ మోస్తున్నవా" అని మాత్రం అంది.

అప్పుడే కరెంటు పోయింది. జిరాక్స్ మిషన్ ఆగింది, ఫ్యాన్ ఆగింది, గల్లీలో సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. షెడ్డుల్లోంచి మగవాళ్లు బయటపడి చాయ్ హోటల్ వైపు నడుస్తున్నారు. ఎదురింటి సాయిలు వాళ్లలో ముందున్నాడు. అతని భార్య పోశవ్వ అతను మరిచిన ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇగో... నిన్నే."

షాపులో కూర్చున్న నేను తల తిప్పాను. గల్లీలో ఇద్దరు తిరిగి చూశారు. సాయిలు తిరగలేదు. పోశవ్వ మళ్లీ అదే పిలుపు పిలిచింది. కనకవ్వ లేచి షాపు మెట్ల మీదికి పోయింది.

"గట్ల గాదు పోశవ్వా. పేరు పెట్టి పిలువు" అంది.

పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయిలు మలుపు దగ్గరికి చేరాడు. కనకవ్వ ఒక్క క్షణం ఆగింది. తర్వాత అరచేయి ఎత్తి, గల్లీ చివరిదాకా వినపడేట్టు పిలిచింది.

"సాయిలూ..."

సాయిలు తిరిగి చూశాడు.